చాకిరీకి 'పేషెన్స్' అని పేరా?

ప్రతి పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథానికీ ముందు ఒక కృతజ్ఞతల పేజీ ఉంటుంది. వైవాలో దాని మీద ఎవరూ ప్రశ్న వెయ్యరు కనుక అదొక లాంఛనం అని మనవాళ్లు కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. వందల పేజీల పరిశోధనలో ఎవరెవరి శ్రమ కలిసిందో చెప్పాల్సిన చోటు అదొక్కటే. సరిగ్గా అక్కడే ఆడవాళ్ల శ్రమ మాయమవుతోంది. అందులో మనకు రాని ఇంగ్లీషుకు పెద్ద పాత్రే ఉంది.

డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి పరిశోధనకు వచ్చిన నాలాంటివాళ్లకు అధ్యాయాలనైతే గైడు దిద్దుతారు. ఈ పేజీని ఎవరూ దిద్దరు. తప్పులు పోతే నవ్వుతారన్న భయంతో చాలామంది సీనియర్ల థీసిస్ తెచ్చుకుని, పేర్లు మార్చి దింపేస్తారు. గ్రంథచౌర్యం మీద యు.జి.సి. 2018లో తెచ్చిన నిబంధనలు కూడా కృతజ్ఞతలను పోలికల తనిఖీ నుంచి మినహాయించాయి. అంటే మిగతాదంతా సొంతంగా రాయాలి, కృతజ్ఞత మాత్రం అరువు తెచ్చుకోవచ్చు!

ఆ అరువు మాటల వరస చూడండి. గైడుకు 'డీప్ సెన్స్ ఆఫ్ గ్రాటిట్యూడ్'. తర్వాత శాఖాధిపతి, లైబ్రరీ సిబ్బంది. అన్నీ అయ్యాక 'లాస్ట్ బట్ నాట్ ది లీస్ట్' అని అమ్మ, అత్తగారు, భార్య. భార్యకు దక్కేది 'పేషెన్స్'. ఆయన నెలల తరబడి ఊళ్లు తిరుగుతుంటే పిల్లల జ్వరాలు, మామగారి మందులు, వంట, అప్పులవాళ్లకు సమాధానం చెప్పడం, రాత్రిళ్లు కూర్చుని ప్రూఫులు దిద్దడం - ఇదంతా ఓర్పు అట! ఓర్పు ఒక గుణం. చాకిరీ ఒక పని. పనికి గంటలుంటాయి, విలువ ఉంటుంది. గుణానికైతే మెచ్చుకోలు చాలు. ఇక పరిశోధకురాలు ఆడదైతే భర్తకు చెప్పే కృతజ్ఞత, చదువుకోవడానికి 'అలో' చేసినందుకు!

ఇది ఇంగ్లీషు రానివాళ్ల జబ్బేమీ కాదు. 2017లో అమెరికాలో బ్రూస్ హోల్సింగర్ అనే ప్రొఫెసర్, భార్యలు టైపు చేసి పెట్టినందుకు పుస్తకాల్లో రచయితలు చెప్పిన కృతజ్ఞతలను ట్విట్టర్‌లో బయటపెట్టాడు. ఎన్నో చోట్ల ఆ భార్యలకు పేరైనా లేదు, 'నా భార్య' అంతే. పితృస్వామ్యానికి అన్ని భాషలూ వచ్చు. కాకపోతే ఆ భార్యలు ఆ వాక్యాన్ని చదువుకోగలిగారు. మా అమ్మ చదవలేదు.

నా పరిశోధన నిజామాబాద్ జిల్లా బీడీ కార్మిక స్త్రీల మీద. వాళ్లకు కూలి వెయ్యి బీడీల లెక్కన. నాతో మాట్లాడిన గంటలో చేతులు నిదానిస్తే ఆ నష్టం వాళ్లది. తునికాకు కత్తిరిస్తూనే నడుం నొప్పి గురించీ, షావుకారు ఏరి పారేసే బీడీల గురించీ చెప్పారు. వాళ్లను ఇంగ్లీషులో 'రెస్పాండెంట్లు' అనాలట, వాళ్లిచ్చింది 'కోఆపరేషన్' అట. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాట స్త్రీలు తమ మాటల్లోనే మాట్లాడారు. ఇన్నేళ్ల తర్వాత కూడా విశ్వవిద్యాలయం ఆ దారికి రాలేదు.

తెలుగులో రాస్తే అంతా సరిపోతుందని నేననను. 'తల్లి రుణం తీర్చుకోలేనిది' అనే మాట మనకూ ఉంది. తీరనిదని ముందే చెప్పేస్తే తీర్చే పనే లేదు కదా! తెలుగులోనైనా ఎవరు ఏ పని చేశారో విప్పి రాయాలి. పేరు వద్దన్నవాళ్ల పేరు రాయకూడదు. షావుకారుకు తెలిస్తే ఆకు ఇవ్వడని నాకు ఇద్దరు చెప్పారు. కానీ పేరు దాచడం వేరు, పని దాచడం వేరు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది గైడు మీద రాసే పేరా. ఆయన సంతకం కాకుండా థీసిస్ కదలదు. ఆ సంతకం కోసం ఎదురుచూస్తూ ఈ పేజీ రాయాలి. వేధింపులు భరించిన అమ్మాయి కూడా 'ఫాదర్లీ అఫెక్షన్' అని రాయక తప్పదు. విశ్వవిద్యాలయాల్లో లైంగిక వేధింపుల మీద యు.జి.సి. 2015 నిబంధనలున్నాయి, ఫిర్యాదుల కమిటీలుండాలి. రేపు ఆ అమ్మాయి కమిటీ ముందుకు వెళితే, 'తండ్రిలాంటివారని నువ్వే రాశావుగా' అని ఈ పేజీనే చూపించరని హామీ ఎవరిస్తారు?

అందుకని మనం రెండు విషయాలు అడగాలి. ఒకటి, డిగ్రీ వచ్చేదాకా ఈ పేజీ జతచెయ్యమని ఎవరినీ ఒత్తిడి చెయ్యకూడదు, గైడుకు ముందుగా చూపించనక్కరలేదు. రెండు, థీసిస్ ఏ భాషలో ఉన్నా ఈ పేజీ విద్యార్థి తన భాషలో రాయవచ్చు. ఇంగ్లీషు మీడియం కోర్సుల్లోనూ పరీక్షలు స్థానిక భాషల్లో రాయనివ్వమని యు.జి.సి. 2023 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయాలను కోరింది. పరీక్షకు పనికొచ్చే భాష కృతజ్ఞతకు పనికిరాదా?

నేను తెలుగులో రాసిన పేజీని ఆఫీసులో వెనక్కి ఇచ్చారు. ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా చెప్పమని అడిగాను. జవాబు ఇంకా రాలేదు.