తుపాకి నోటికి చిక్కము

తుపాకి పేలవలెను, మనిషి చావరాదు. ఈ రెండు కోరికలను ఒక్క గొట్టముతోనే తీర్చెదమని పాశ్చాత్యదేశముల యంత్రశిల్పులు కొంతకాలముగా పూనుకొనియున్నారు. పోలీసువాని తుపాకిని మార్చనక్కరలేదట. దాని మూతికొక తొడుగు తగిలించిన చాలునట. యమపాశము బెత్తముగా మారునట! మాట వినసొంపుగనే యున్నది. కాని ఖమ్మము మొదలు భద్రాచలము వరకు గల అడవియంచున పోడు రైతును, సర్కారు తుపాకిని ఎదురెదురుగా చూచిన మనము, ఈ వినసొంపు మాటను గీటురాతి మీద గీసి చూడక నమ్మరాదు.

కాలిఫోర్నియాలోని యొక కంపెనీ చేసిన సాధనమును చూడుడు. పిస్తోలు మూతికి బిగించు నారింజరంగు పట్టు, దాని కొసన లోహపు గుండు, ఇంతియే. మీట నొక్కగనే తూటా ఆ గుండులో దిగబడును. రెండును కలిసి ముందుకు పోవును. తూటాకు నాలుగింతల బరువు గల గుండు అడ్డమున్నచో వేగము ఐదవవంతునకు తగ్గును. దెబ్బయందలి శక్తియు ఐదవవంతునకే దిగును. ఒడలిలో దూరిపోవలసిన తూటా మొద్దు దెబ్బగా తగులును. 2014 ఆగస్టులో ఫెర్గూసన్ పట్టణమున నిరాయుధుడైన నల్లజాతి యువకుడొకడు పోలీసు తూటాకు బలియై అమెరికా దేశమెల్ల అట్టుడికిన పిమ్మట, 2015లో ఆ యూరి పోలీసులే దీనిని పరీక్షకు తీసికొనిరి.

శిల్పము మెచ్చదగినదే. కాని అది యొక్క తూటాకే. మొదటి దెబ్బతో తొడుగు ఊడిపోవును. రెండవ తూటా మామూలు తూటాయే. కుప్ప తొక్కించునపుడు మన రైతు ఎద్దు నోటికి చిక్కము కట్టును. ఒక్క కబళమునకే ఊడిపోవు చిక్కమును ఏ రైతైనను సంతలో కొనునా?

మన యడవికే వత్తము. 2022 నవంబరు 22వ తేదీన చంద్రుగొండ మండలమున పోడు తగవులో ఒక అటవీ రేంజి అధికారిని కొడవళ్లతో నరికి చంపిరి. అది ఘోరము. దానిని సమర్థించు నోరు మాకు లేదు. మరుసటి యేడు న్యాయస్థానము ఇరువురకు యావజ్జీవశిక్ష విధించినది. ఆ హత్యతో కలత చెందిన అటవీ సిబ్బంది తమకు ఆయుధము లిమ్మని కోరిరి. ప్రాణభయముతో కోరినవారిని మేము నిందింపము. ఇట్టి వేళలందే మధ్యేమార్గము ముచ్చటగా తోచును: తుపాకి యిత్తము, మూతికి తొడుగు కూడ నిత్తము; ఉద్యోగి బ్రదుకును, రైతును బ్రదుకును.

ఇరువురును బ్రదుకుదురా? కొడవలి మీదికి వచ్చినవాడు, ఒరనుండి పిస్తోలు తీసి, సంచినుండి తొడుగు తీసి, మూతికి బిగించు వరకు కొడవలి ఆగునా? ప్రాణము మీదికి వచ్చినపుడు తగిలించుటకు తీరిక లేదు. తగిలించు తీరిక యున్నపుడు కాల్చుటకు హక్కు లేదు. ఈ చిన్న న్యాయమును తెలియుటకు లా చదువు అక్కరలేదు.

ఇక గుంపుల మాట. 2007 జూలై 28వ తేదీన, భూమికై వామపక్షములు పిలిచిన బంద్ నాడు, ఖమ్మమునకు చేరువనున్న ముదిగొండలో పోలీసులు జరిపిన కాల్పులకు ఏడుగురు బలియైరి. అందొక స్త్రీయు కలదు. ఆనాడు ఏ.కె. 47 తుపాకులు పేలినవని పత్రికలు ఘోషించినవి; ప్రభుత్వము న్యాయవిచారణకు ఆజ్ఞాపించినది. అడవిలో సాయుధులతో పోరుటకని తెచ్చిన యాయుధము, సెంటు భూమి యడిగినవారి మీద రోడ్డుపై పేలినది. నాడు పోలీసులకు కొరవడినది తొడుగా? లాఠీ కొరవడెనా? బాష్పవాయువు కొరవడెనా? అట్టి తుపాకిని అట్టి తావునకు తేరాదని చెప్పవలసిన వివేకము కొరవడినది. తెచ్చినందుకు సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చునన్న భయము కొరవడినది. ఈ రెండింటిని ఏ కంపెనీయు తయారుచేయజాలదు.

"తొడుగు వలదన్నచో మిగులునది రైఫిలే గదా" యని ప్రతివాదులందురు. ఈ వాదము క్రొత్తది కాదు. 2016లో పెల్లెట్ తుపాకులను నిషేధింపుమని కాశ్మీరు హైకోర్టులో వ్యాజ్యము పడినపుడు సి.ఆర్.పి.ఎఫ్. వారు చెప్పినదియు ఇదియే: ఇవి లేనిచో రైఫిళ్లే ఎత్తవలసివచ్చును, మరణములు పెరుగును. ఆ నోటనే, 32 దినములలో సుమారు 13 లక్షల రవ్వలను కాల్చితిమనియు తెలిపిరి. రైఫిలు పట్టినవాడు 32 దినములలో 13 లక్షల తూటాలు కాల్చగలడా? చంపదని పేరు పెట్టినందుననే గదా చేయి అంత తేలికయైనది! ఎందరో యువకులు, బాలికలు సైతము, కన్నులు పోగొట్టుకొనిన పిమ్మట, 2017లో ఆ తుపాకి మూతికి రవ్వలు పైకెగయకుండ ఒక యడ్డుబిళ్లను అమర్చిరి. పోయిన కన్నులను ఆ బిళ్ల తెచ్చి యిచ్చినదా?

ఆ యేడే డి.ఆర్.డి.ఓ. రూపొందించిన ప్లాస్టిక్ తూటాలు 21,000 కాశ్మీరునకు పంపబడినవి. అవి ఏ.కె. తుపాకులలోనే పట్టునని గొప్పగా చెప్పిరి. మా భయమంతయు ఆ గొప్పలోనే యున్నది. ఒకే తుపాకి, ఒకే మీట. లోపలనున్నది ప్లాస్టిక్కో ఉక్కో ఎదుట నిలిచిన పౌరునకెట్లు తెలియును? రాళ్ల వర్షములో చేయి వణకు కానిస్టేబులునకైనను తెలియునా? ఉత్తర ఐర్లండులో రబ్బరు, ప్లాస్టిక్ గుండ్లతో బ్రిటిషు బలగములు 17 మందిని చంపినవి. అందు ఎనమండుగురు పిల్లలు. అవియు "చంపని" గుండ్లే!

తుపాకికంటె మెత్తని సాధనమును వెదకవలదని మేమనుట లేదు. 1990లో హవానాలో ఐక్యరాజ్యసమితి సభ అంగీకరించిన సూత్రములు అట్టి సాధనములను ప్రోత్సహించుచునే, వానిని జాగ్రత్తగా పరీక్షించి వినియోగమును అదుపులో నుంచవలెనని కూడ శాసించినవి. మన పాలకులకు మొదటి వాక్యము వినబడును. రెండవ వాక్యము వచ్చుసరికి చెవుడు వచ్చును.

మన చట్టము మాత్రమేమి చెప్పుచున్నది? భారతీయ నాగరిక సురక్షా సంహిత 148వ సెక్షను, చట్టవిరుద్ధమైన గుంపును ముందు చెదరిపొమ్మని ఆజ్ఞాపింపుమనుచున్నది. బలప్రయోగము ఆ పిమ్మటిది. సైన్యమును పిలిచినపుడైనను వీలైనంత తక్కువ బలము, తక్కువ హాని యని తరువాతి సెక్షను నియమించినది. సైనికునకే యీ కట్టడి యున్నపుడు పోలీసునకు అంతకు సడలింపు ఎక్కడిది?

కావున మేము కోరునది స్పష్టము. చంపని సాధనము కావలెనన్నచో అది చంపజాలని సాధనమే కావలెను. రూపమును వేరు, రంగును వేరు, మందుగుండును వేరుగా నుండవలెను. చంపు తుపాకికి వేసిన ముసుగు మాకక్కరలేదు. ఏ సాధనమైనను వైద్యులు పరీక్షించి, ఫలితములు ప్రజల యెదుట ప్రకటించిన పిమ్మటనే ఠాణాకు రావలెను. కాల్చిన ప్రతి గుండునకును, ఎవరి యాజ్ఞతో ఎంత దూరమునుండి కాల్చిరో వ్రాసి మేజిస్ట్రేటునకు పంపవలెను. ఎన్‌కౌంటరు మరణములపై స్వతంత్ర దర్యాప్తు జరుగవలెనని 2014లో సుప్రీంకోర్టు విధించినది. చంపని గుండుతో ప్రాణమో కన్నో పోయినపుడు దర్యాప్తు అంతకు తక్కువది కారాదు.

అన్నిటికంటె ముందు అడవి తగవును కచ్చేరీలో తీర్పుడు. 2023 జూన్ నెలలో తెలంగాణ ప్రభుత్వము సుమారు 4 లక్షల ఎకరముల పోడు భూమికి పట్టాలు పంచనారంభించినది. ఒక్క పట్టా కాగితము ఆపగల నెత్తురును నూరు తొడుగులు ఆపజాలవు. కాని ఛత్తీస్‌గఢ్ నుండి తరలివచ్చిన గుత్తికోయలు ఆ పట్టాలకు వెలుపలనే నిలిచిరి. పోగొట్టుకొనుటకు కాగితమైనను లేనివాని యెదుటికి తుపాకితో పోవువాడు, దానికెట్టి తొడుగు తొడిగినను, తగవును పెంచునే గాని తీర్చడు.

చిక్కము కట్టవలసినది తుపాకి నోటికి కాదు. కాల్చుమని పలుకు నోటికి.