మిర్చి ధర మారింది, పన్ను గీత మారలేదు

(మా వాణిజ్య విలేఖరి)

గుంటూరు మిర్చి యార్డులో బేరం కుదిరి, కాటా పడిన తరువాత రైతు ముందుగా అడిగేది సొమ్ము ఎప్పుడిస్తారని. ఆ వెంటనే అడిగేది చేతికిస్తారా, బ్యాంకులో వేస్తారా అని. ఈ రెండో ప్రశ్నకు జవాబు ఒకప్పుడు రైతు అవసరాన్ని బట్టి, కమీషన్ వ్యాపారి వీలును బట్టి ఉండేది. 2017 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టాన్ని బట్టి ఉంటున్నది. ఈ సంగతి యార్డులో చాలామందికి సగమే తెలుసు. ఆ తెలియని సగం వల్ల నష్టపోయేది ఎక్కువగా రైతే గనుక ఈవారం ధరవరలు కాస్త పక్కన పెట్టి దీన్ని గురించి చెప్పుకోవడం అవసరం.

ఒక వ్యక్తి మరొకరి నుంచి ఒకే రోజున గాని, ఒకే లావాదేవీ కింద గాని, ఒకే సందర్భానికి చెందిన లావాదేవీల కింద గాని రు. 2 లక్షలు లేక అంతకు మించి నగదు పుచ్చుకోరాదని 1961 చట్టంలో 269 ఎస్.టి. సెక్షన్ చెప్పింది. పుచ్చుకుంటే పెనాల్టీ పుచ్చుకున్న మొత్తమంత. రెండు లక్షలు తీసుకుంటే రెండు లక్షలూ పెనాల్టీయే. ఆ పెనాల్టీ పడేది సొమ్ము ఇచ్చిన వ్యాపారి మీద కాదు, తీసుకున్న రైతు మీద.

"నాది వ్యవసాయాదాయం, దానికి పన్నే లేదు గదా" అని రైతు అడుగుతాడు. నిజమే, వ్యవసాయాదాయానికి 10(1) సెక్షన్ కింద పూర్తి మినహాయింపు ఉన్నది. అయితే ఆ మినహాయింపు ఆదాయానికి సంబంధించినది. 269 ఎస్.టి. సెక్షన్‌కు ఆదాయంతో పని లేదు, సొమ్ము ఏ రూపంలో చేతులు మారిందన్నదే దాని పట్టింపు. ఈ అనుమానం మీద కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2017 నవంబరు 3న ఒక వివరణ ఇచ్చింది. రైతు తన పంటను వ్యాపారికి రు. 2 లక్షల లోపు నగదుకు అమ్ముకుంటే ఇబ్బంది లేదు, పాన్ నెంబరు గాని, 60వ నెంబరు ఫారం గాని ఇవ్వనక్కరలేదు అని అందులో ఉన్నది. రైతులకు ధైర్యం చెప్పడానికి ఇచ్చిన వివరణే అయినా, రెండు లక్షలు దాటితే మినహాయింపు లేదని దానిలోనే తేలిపోయింది.

గందరగోళానికి మరొక కారణం ఉన్నది. వ్యాపారి ఒక రోజున ఒకరికి రు. 10,000 మించి నగదు చెల్లిస్తే 40ఎ(3) సెక్షన్ కింద ఆ ఖర్చును ఆదాయంలోంచి మినహాయించరు. కాని పండించిన రైతు దగ్గర పంట కొని చెల్లించిన సొమ్ముకు 6డి.డి. నిబంధన ప్రకారం ఈ ఆంక్ష లేదు. మరో వ్యాపారి దగ్గర కొన్న సరుకుకు ఈ సౌకర్యం వర్తించదు. ఇది విన్న వ్యాపారి "రైతుకు ఎంతయినా నగదు ఇవ్వవచ్చునట" అని గుమాస్తాతో అంటాడు, గుమాస్తా రైతుతో అంటాడు. ఇచ్చేవాడి ఖర్చు చెల్లుతుందా అన్నది ఒక సెక్షన్, తీసుకునేవాడు తీసుకోవచ్చునా అన్నది ఇంకొక సెక్షన్. మొదటి దానిలో వ్యాపారికి దొరికిన మినహాయింపు రెండో దానిలో రైతుకు రక్ష కాదు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. 2017లో మిర్చి ధర కుప్పకూలినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యపు పథకం కింద క్వింటాలుకు రు. 5,000 ధర ప్రకటించింది. ఆ ధరకు రెండు లక్షల గీత తాకాలంటే రైతు 40 క్వింటాళ్ళు తేవాలి. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ ధర పడిపోయినప్పుడు అదే పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి ప్రకటించిన ధర రు. 11,781. ఈ ధరకు 16 క్వింటాళ్ళు తెస్తే రు. 1,88,496 అవుతుంది, గీతకు లోపలే. 17 క్వింటాళ్ళు తెస్తే రు. 2,00,277. గీత దాటింది. 17 క్వింటాళ్ళంటే సుమారు 40 టిక్కీలు. రెండూ ధర పడిపోయిన సంవత్సరాల లెక్కలేనన్నది గమనించాలి. ధర బాగున్న ఏడాది ఇంకా తక్కువ సరుకుకే గీత దాటుతుంది. అంటే పెద్ద రైతును ఉద్దేశించి గీసిన గీత ఎనిమిదేళ్ళలో సన్నకారు రైతు కాళ్ళ దగ్గరకు వచ్చింది. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు, మిర్చి ధర మారింది.

మరి బ్యాంకులో వేయించుకోవచ్చు గదా అని పట్నంలో కూర్చున్నవారు అనవచ్చు. వేయించుకోవచ్చు, వేయించుకోవాలి కూడా. కాని రైతు నగదు ఎందుకు అడుగుతున్నాడో కూడా తెలుసుకోవాలి. కోత కూలీలకు, బండి కిరాయికి, పురుగు మందుల దుకాణం బాకీకి నగదే కావాలి. అంతకంటె పెద్ద కారణం పంట రుణం. ఖాతాలో సొమ్ము పడిన మరునాడే బ్యాంకువారు పాత బాకీకి జమ వేసుకుంటారేమోనన్న భయం ప్రతి యార్డులోనూ వినిపిస్తున్నది. ఈ భయం తీర్చకుండా "నగదు తీసుకోకు" అనడం సగం వైద్యమే.

రైతుల చెల్లింపులకు నగదు అవసరమని ప్రభుత్వం ఒప్పుకోనిదేమీ కాదు. బ్యాంకు నుంచి ఏడాదిలో కోటి రూపాయలు మించి నగదు తీస్తే మూలంలో పన్ను కోసే 194ఎన్ సెక్షన్ నుంచి మార్కెట్ కమిటీల కింద రిజిస్టరైన వ్యాపారులకు, కమీషన్ ఏజెంట్లకు 2019 సెప్టెంబరులో మినహాయింపు ఇచ్చారు. ఆ సొమ్ము రైతులకు పంట కొనుగోలు నిమిత్తమేనని వ్యాపారి బ్యాంకుకు ధ్రువీకరిస్తే చాలు. రైతుకు ఇవ్వడానికి వ్యాపారి కోటి రూపాయలకు మించి నగదు తెచ్చుకోవచ్చును, రైతు మాత్రం అందులో రెండు లక్షలు పుచ్చుకోరాదు. ఈ రెండింటికీ పొంతన ఏమిటో ఆర్థిక శాఖే చెప్పాలి.

రెండో గీత ఇంకా పాతది. అప్పుగా గాని, డిపాజిట్టుగా గాని రు. 20,000 లేక అంతకు మించి నగదు పుచ్చుకోరాదన్నది 269 ఎస్.ఎస్. సెక్షన్. తిరిగి చెల్లించడానికీ 269టి కింద ఇలాంటి ఆంక్షే ఉన్నది. 1984లో ఈ సెక్షన్ వచ్చినప్పుడు పరిమితి రు. 10,000. 1989 ఏప్రిల్ 1 నుంచి అది రు. 20,000 అయింది. అక్కడే ఆగిపోయింది. ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ వ్యవసాయాదాయమే ఉండి, ఇద్దరిలో ఎవరికీ పన్ను పడే ఆదాయం లేకపోతే ఈ ఆంక్ష వర్తించదు. కాని పెట్టుబడికి అప్పిచ్చే కమీషన్ ఏజెంటుకు పన్ను పడే ఆదాయం ఉంటుంది గనుక రైతుకు ఆ రక్షణ దక్కదు. ఇక్కడ కూడా అప్పు పుచ్చుకున్నవాడికే, అప్పు మొత్తమంత పెనాల్టీ. ఇరవై వేలు ఈనాడు ఎకరం మిర్చి సాగు ఖర్చుకు ఏ మూలకూ చాలవు. 2023లో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల సభ్యుల విషయంలో ఈ పరిమితిని రు. 2 లక్షలకు పెంచారు. పరిమితి కాలానికి తగదని ప్రభుత్వమే గ్రహించిందన్నమాట. సంఘం గడప తొక్కలేని కౌలు రైతు మాత్రం ఇంకా 1989లోనే ఉన్నాడు. సరైన కారణం చూపితే పెనాల్టీ వేయరాదని 273బి సెక్షన్ చెబుతున్న మాట నిజమే. కాని ఆ కారణం చూపడానికి ఆఫీసుల చుట్టూ తిరగవలసింది ఎవరు?

ఇక కమీషన్ వ్యాపారి సొంత పన్ను సంగతి. వ్యవసాయ సరుకుతో వ్యాపారం చేస్తున్నాం గనుక తమదీ వ్యవసాయాదాయమేనని నమ్మేవారు ఇంకా ఉన్నారు. రైతు తన మిర్చిని కళ్ళంలో ఆరబెట్టినా, తన పసుపును ఉడికించి ఎండబెట్టి అమ్మినా అది వ్యవసాయాదాయమే. సరుకును సంతకు తగినట్లు చేసుకోవడానికి రైతులు మామూలుగా చేసే పనిని చట్టం గుర్తించింది. భూమి యజమానికి వచ్చే కౌలూ అంతే. కాని కొన్న సరుకును శీతల గిడ్డంగిలో పెట్టి ధర పెరిగాక అమ్మితే వచ్చేది వ్యాపారాదాయం. పొలమూ వ్యాపారమూ రెండూ ఉన్నవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. నికర వ్యవసాయాదాయం రు. 5,000 మించి, ఇతర ఆదాయం పన్ను పరిమితి దాటితే, పన్ను రేటు తేల్చడానికి రెండింటినీ కలుపుతారు. కె.ఎన్. రాజ్ కమిటీ సిఫారసు మీద 1973లో వచ్చిన ఏర్పాటు ఇది.

మామూలు చిన్న వ్యాపారికి రు. 2 కోట్ల అమ్మకాల వరకు 44ఎ.డి. సెక్షన్ కింద 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ము మీద 6 శాతం లాభం చూపి, పద్దు పుస్తకాల బాధ తప్పించుకునే వీలున్నది. కమీషన్, దలాలీ, ఏజెన్సీ ఆదాయాలకు ఆ వీలు లేదు. కనుక కమీషన్ ఏజెంటుకు చిట్టా, ఆవర్జా తప్పవు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఏడాదికి రు. 14 లక్షల కమీషన్ వచ్చిన ఏజెంటు గుమాస్తా జీతం, కొట్టు అద్దె, ఫోను, ప్రయాణాలు వగైరా రు. 3 లక్షలు ఖర్చు చూపాడనుకుందాం. మిగిలింది 11 లక్షలు. 2025–26 సంవత్సరపు ఆదాయానికి కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉన్నది గనుక పన్ను సున్న. కాని ఆ ఖర్చులో రెండు లక్షలకు రశీదులు లేవని ఆఫీసరు తోసిపుచ్చితే ఆదాయం 13 లక్షలవుతుంది. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10 శాతం, ఆ పై లక్షకు 15 శాతం కలిపి రు. 75,000, సెస్సుతో రు. 78,000. కథ అంతటితో ఆగదు. ఆదాయం తక్కువ చూపితే 270ఎ కింద పెనాల్టీ పన్నులో 50 శాతం. కాని ఏ ఆధారమూ లేని ఖర్చు రాసుకోవడాన్ని చట్టం తప్పుడు లెక్కగా చూస్తుంది. అప్పుడు పెనాల్టీ 200 శాతం, అంటే సుమారు లక్షన్నర. నిజంగా పెట్టిన ఖర్చే అయినా కాగితం లేనందువల్ల సున్న పన్ను కట్టవలసినవాడు రెండు లక్షల పైన కట్టుకోవలసి వస్తుంది.

ధర పడినప్పుడు తానే సరుకు కొని నిల్వ చేసే ఏజెంటు మరింత జాగ్రత్తపడాలి. రైతు తరఫున అమ్మిపెట్టే కచ్చా ఆడ్తీకి కమీషన్ మాత్రమే టర్నోవరు, సొంతానికి కొని అమ్మే పక్కా ఆడ్తీకి మొత్తం అమ్మకమే టర్నోవరు అని బోర్డు 1986 మార్చిలో ఇచ్చిన 452వ సర్క్యులర్ చెబుతున్నది. రు. 11,781 చొప్పున సుమారు 850 క్వింటాళ్ళు అమ్మితే కోటి దాటుతుంది. వసూళ్ళలోను, చెల్లింపులలోను నగదు 5 శాతం మించకపోతే తప్ప, కోటి దాటితే ఆడిట్ తప్పదు. నష్టం వచ్చిన ఏడాది రిటర్ను ఎందుకులే అనుకోవడం కూడా పొరపాటే. గడువులోగా దాఖలు చేస్తేనే ఆ వ్యాపార నష్టాన్ని 8 సంవత్సరాల వరకు ముందు లాభాలలో తగ్గించుకోవచ్చు.

నల్లధనాన్ని అరికట్టాలన్న ఉద్దేశాన్ని ఎవరూ కాదనరు. వ్యాపార లాభాన్ని పంట డబ్బుగా చూపే పెద్దమనుషులు లేకపోలేదు, వారి కోసమే ఈ గీతలు. కాని పట్టాదారు పుస్తకం, యార్డు గేటు చీటీ, కాటా చీటీ, పట్టీ ఉన్న రైతు అమ్మకంలో దాపరికం ఎక్కడున్నది? మార్కెట్ కమిటీ రికార్డుకెక్కిన తొలి అమ్మకం వరకు రెండు లక్షల పరిమితిని ధరలకు అనుగుణంగా పెంచాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు రాతపూర్వకంగా ఇచ్చే పెట్టుబడి అప్పుకు ఇరవై వేల పరిమితిని సవరించాలి. డాక్టరుకు, లాయరుకు రు. 50 లక్షల వసూళ్ళ వరకు సగం ఆదాయంగా చూపుకునే వీలు 2016–17 నుంచి ఇచ్చినప్పుడు చిన్న కమీషన్ ఏజెంటుకు అలాంటి సులభ మార్గం ఇవ్వకపోవడానికి న్యాయమైన కారణం కనిపించదు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో అమలుకని పార్లమెంటు 2025లో ఆమోదించిన కొత్త చట్టంలో సెక్షన్ల నెంబర్లు మారాయి, భాష సులభమయింది. ఆమోదించిన నాటికి ఈ రెండు గీతలు మాత్రం ఉన్న చోటనే ఉన్నాయి.

అవి కదిలే దాకా రైతు సోదరులు చేయవలసింది ఒకటే. లెక్క రెండు లక్షలకు చేరేటట్లుంటే మొత్తం సొమ్ము బ్యాంకు ద్వారానే అడగండి. సగం ఈ రోజు, సగం రేపు నగదుగా తీసుకుంటే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు, ఒకే అమ్మకం కింద వచ్చిన సొమ్మును ఎన్ని రోజులకు పంచినా అది ఒకే లావాదేవీ. పట్టీ మీద మీ పేరు, బస్తాలు, తూకం, ధర సరిగా రాశారో లేదో చూసుకుని, దాన్ని పట్టాదారు పుస్తకంతో పాటు దాచండి. రేపు నోటీసు వస్తే మీ తరఫున మాట్లాడేది ఆ చీటీయే.