ఈబుక్ ఎక్స్‌పోర్ట్ చెడిపోతే పేజీలను ఫొటోలు చేసేయకండి

ఇన్‌డిజైన్‌లో ఫైల్ మెనూ, ఎక్స్‌పోర్ట్, ఫార్మాట్ దగ్గర ఈపబ్ ఫిక్స్‌డ్ లేఅవుట్. అంతే, ఈబుక్ రెడీ. దాన్ని ఫోన్‌లో ఓపెన్ చేస్తే తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు. లేదా తెలుగే కానీ ఒత్తులు ఊడిపోయి, మాటల మీద మాటలు ఎక్కి ఉంటాయి. అప్పుడు ఎవరిని అడిగినా వచ్చే సలహా ఒకటే: “పేజీలన్నీ జేపీజీ చేసి పెట్టెయ్, పీడా పోతుంది.” ఈ సలహా నాకు అస్సలు నచ్చదు. ఎందుకో చెప్పాలంటే అసలు తేడా ఎక్కడ వస్తోందో కూడా చెప్పాలి.

బేసిక్స్ తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. ఈపబ్ అంటే ఒక జిప్ ఫైల్. లోపల హెచ్‌టీఎంఎల్ పేజీలు, సీఎస్ఎస్, బొమ్మలు, ఫాంట్లు ఉంటాయి. మామూలు ఈపబ్‌లో టెక్స్ట్ స్క్రీన్ సైజును బట్టి సర్దుకుంటుంది, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. ఫిక్స్‌డ్ లేఅవుట్‌లో అలా కుదరదు. ప్రింట్ పేజీలో ఏది ఎక్కడుందో అక్కడే ఉంటుంది. పిల్లల బొమ్మల పుస్తకాలకీ, వంటల పుస్తకాలకీ ఇదే కావాలి. ఇన్‌డిజైన్‌లో ఈ ఎక్స్‌పోర్ట్ 2014 వెర్షన్ నుంచి ఉంది.

ఆ జిప్ విప్పి లోపల చూడండి, మన లాంటి వాళ్లకి భలే సరదాగా ఉంటుంది. ఇన్‌డిజైన్ మీ వాక్యాన్ని వాక్యంలా ఉంచదు. మాటలను విడివిడిగా స్పాన్ ట్యాగుల్లో పెట్టి, ఒక్కోటీ పేజీలో ఎక్కడ కూర్చోవాలో కోఆర్డినేట్లు రాసేస్తుంది. ఫాంట్ సైజును 20 రెట్లు పెంచి, మొత్తం బాక్సును 0.05కి స్కేల్ చేస్తుంది. 12 ఉండాల్సిన చోట 240 కనిపిస్తే కంగారు పడకండి, అది బగ్ కాదు. కానీ ఒక విషయం గుర్తుపెట్టుకోండి: మాట ఎక్కడ మొదలవ్వాలో ముందే రాసిపెట్టి ఉంది, ఆ మాటను గీసేది మాత్రం మీ ఫోన్. ఇక్కడే తెలుగుకి కష్టాలు మొదలవుతాయి.

మా మావయ్యకి విజయవాడలో డీటీపీ షాపు ఉంది. ఈ మధ్య ఒక టీచరుగారు రాసిన 32 పేజీల పిల్లల కథల పుస్తకం ఆయన చేతికి వచ్చింది. ప్రింట్ అద్భుతంగా వచ్చింది. ఈబుక్ కూడా కావాలన్నారావిడ. “ప్రింట్‌లో ముత్యాల్లా ఉన్నాయి కదరా అక్షరాలు, ఫోన్‌లోకి వెళ్లేసరికి ఏమొచ్చింది వీటికి?” అని మావయ్య ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేర్ రెండుసార్లు రీఇన్‌స్టాల్ చేశాడట. నేను ఒక్కటే అడిగాను: “మావయ్యా, ఈబుక్‌లో ఒక లైను కాపీ చేసి నాకు వాట్సాప్‌లో పెట్టండి.” వచ్చిన మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరం లేదు.

ఈ కాపీ పేస్ట్ టెస్ట్‌కి పైసా ఖర్చు లేదు. పేస్ట్ చేసినప్పుడు చెత్త వస్తే మీ సమస్య ఎక్స్‌పోర్ట్‌ది కాదు, ఎన్‌కోడింగ్‌ది. పేజ్‌మేకర్ రోజుల నుంచి తెలుగు అచ్చులో రాజ్యమేలినవి అనూ లాంటి నాన్-యూనికోడ్ ఫాంట్లు. వాటిలో కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లే. ఆ కోడ్ దగ్గర ఫాంట్ తయారుచేసినవాళ్లు తలకట్టో, గుడో, ఒత్తో బొమ్మ గీసి పెట్టారు. కంటికి తెలుగు, ఫైల్‌కి ఇంగ్లిష్. ఆ ఫాంట్లను నేను తిట్టను. విండోస్‌కి తెలుగే సరిగా రాని కాలంలో పత్రికలూ పుస్తకాలూ వాటి మీదే బతికాయి. డిజైన్లలోనూ ఎంత వైవిధ్యం! ప్రింటుకి వెళ్లే పీడీఎఫ్‌లో అక్షరం ఆకారం వస్తే చాలు కాబట్టి ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఈపబ్ మాత్రం వెబ్ పేజీ. ఆ ఫాంట్ ఫైల్ లోపలికి ఎంబెడ్ కాకపోతే, లేదా రీడర్ యాప్ దాన్ని పక్కనపెట్టి తన సొంత ఫాంట్ వాడితే, ముసుగు తొలగిపోయి కింద ఉన్న ఇంగ్లిష్ బయటపడుతుంది.

కాబట్టి మొదటి పని టెక్స్ట్‌ని యూనికోడ్‌లోకి మార్చడం. తెలుగు 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్ నుంచే ఉంది, కాబట్టి ఇంకా కొత్త టెక్నాలజీ అనే సాకు చెల్లదు. కన్వర్టర్లు దొరుకుతాయి. కానీ కన్వర్ట్ చేశాక ప్రూఫ్ చదవాల్సిందే. ముఖ్యంగా పొల్లు హల్లులు. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో ట పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక నాన్-జాయినర్ క్యారెక్టర్ ఉండాలి. కన్వర్టర్ దాన్ని వదిలేస్తే అది ‘సాఫ్ట్వేర్’ అయిపోయి, వ ఒత్తుగా కిందికి దిగిపోతుంది. ‘ఫోన్‌లో’, ‘బస్‌స్టాండ్’ లాంటి మాటలన్నిటికీ ఇదే గండం. ఇది వెతికి సరిచేయడానికి మాకు ఒక సాయంత్రం పట్టింది.

యూనికోడ్ అయ్యాక కూడా ఇన్‌డిజైన్‌లో ఒత్తులు విడిపోయి కనిపిస్తే, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో కంపోజర్ చూడండి. అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఉండాలి. మామూలు కంపోజర్‌కి మన గుణింతాలు, ఒత్తులు కలపడం రాదు. “ఫోన్‌లో కరెక్ట్‌గానే కనిపిస్తోందిగా, ఇక్కడ ఎలా ఉంటే ఏంటి?” అనుకోవద్దు. విడిపోయిన అక్షరాల వెడల్పు వేరు, కలిసిన అక్షరాల వెడల్పు వేరు. ఇన్‌డిజైన్ తప్పు వెడల్పుతో కోఆర్డినేట్లు రాస్తుంది, ఫోన్ సరైన అక్షరాలను గీస్తుంది. ఫలితంగా ఒక మాటకీ మరో మాటకీ మధ్య కాలువంత ఖాళీ.

మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కడానికి ఇంకో కారణం జస్టిఫికేషన్. లైను రెండు అంచులూ కలపడానికి పెట్టిన స్పేసింగ్ కూడా సీఎస్ఎస్‌లోకి వెళ్తుంది. ‘స్త్రీ’ మన కంటికి ఒకే అక్షరం, కంప్యూటర్‌కి 6 కోడ్‌లు. ఆ మధ్యలో స్పేసింగ్ పెడితే ఎక్కడ పెట్టాలో ఒక్కో రీడర్‌ది ఒక్కో లెక్క. తెలుగుకి లెటర్ స్పేసింగ్, ట్రాకింగ్ రెండూ సున్నా పెట్టండి. పిల్లల పుస్తకానికైతే లెఫ్ట్ అలైన్ చాలు, చదవడానికి కూడా అదే హాయి. కథ మొదట్లో పెద్ద రంగు అక్షరం పెట్టే అలవాటు ఉంటే అక్కడా జాగ్రత్త: ‘స్కూలు’లో ‘స్కూ’ మొత్తానికి స్టైల్ ఇవ్వాలి. ఒక్క స మీదే ఇస్తే స్పాన్ అక్షరం మధ్యలో తెగి, ఒత్తు దిక్కులేనిదవుతుంది.

ఫాంట్ విషయంలో నా ఓటు ఓపెన్ లైసెన్స్ వాటికే. మండలి, గిడుగు, రామభద్ర, ఎన్‌టీఆర్, సురన్న, నోటో శాన్స్ తెలుగు ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, ఎంబెడ్ చేయడానికి అనుమతి ఉంది. కొన్ని కమర్షియల్ ఫాంట్లలో ఎంబెడింగ్‌కి అడ్డు ఉంటుంది, అవి ఈపబ్‌లోకి రావు. ఇంకో కిటుకు ఉంది, కోడ్ తెలిసినవాళ్లు కూడా ఇక్కడ బోల్తా పడతారు. ఎంబెడ్ చేసిన ఫాంట్‌ను గజిబిజి చేసి పెట్టే పద్ధతి ఈపబ్ ప్రమాణంలోనే ఉంది. ఫాంట్ మొదటి 1040 బైట్లను పుస్తకం ఐడీ నుంచి తయారైన కీతో కలిపేస్తారు. ఎక్స్‌పోర్ట్ అయ్యాక జిప్ విప్పి, ఓపీఎఫ్ ఫైల్‌లో ఆ ఐడీని చేత్తో మార్చారనుకోండి, కీ మారిపోతుంది, ఫాంట్లన్నీ పనికిరాకుండా పోతాయి. ఐడీ ఏదో ఎక్స్‌పోర్ట్ డైలాగ్‌లోనే ఇవ్వండి. మళ్లీ జిప్ చేసేటప్పుడు మైమ్‌టైప్ ఫైల్ మొదట, కంప్రెస్ కాకుండా ఉండాలి. అందుకే చేత్తో జిప్ చేయకుండా సిజిల్ లాంటి ఉచిత ఎడిటర్ వాడమంటాను. ఆ తర్వాత ఈపబ్‌చెక్‌లో ఒకసారి పరీక్షిస్తే స్ట్రక్చర్ తప్పులు బయటపడతాయి. ఒత్తు ఊడిన సంగతి మాత్రం అది చెప్పదు, దానికి తెలుగు చదివే మనిషే కావాలి.

ఇంత తతంగం దేనికి, జేపీజీ పెడితే సరిపోయేది కదా అని మావయ్య కూడా అన్నాడు. ఆయన లెక్క ఆయనకుంది. పేజీకి ఇంత అని డబ్బులిస్తారు, రెండు సాయంత్రాల పనికి ఎక్స్‌ట్రా ఎవరూ ఇవ్వరు. అది నిజమే. కానీ ఆ టీచరుగారి క్లాసులో ఒక బాబుకి చూపు బాగా తక్కువ. వాడు ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుని కథలు వింటాడు. పేజీ ఫొటో అయితే టాక్‌బ్యాక్‌కి చదవడానికి అక్షరమే ఉండదు. పాత ఫాంట్ మీదే ఎలాగోలా నెట్టుకొస్తే ఇంకా ఘోరం, వాడికి కామాలూ బ్రాకెట్లూ వినిపిస్తాయి. సెర్చ్ పనిచేయదు, తెలియని మాట నొక్కి అర్థం చూసుకోవడం కుదరదు. విదేశాల్లో తెలుగు నేర్చుకునే పిల్లలకైతే ఆ చివరిదే ముఖ్యం. ఒక్క చోట ఫొటోకి నేను ఒప్పుకుంటా: వంపులు తిరిగిన అలంకారాల టైటిల్. ఆ ఒక్క ఫ్రేమ్‌కి ఆబ్జెక్ట్ ఎక్స్‌పోర్ట్ ఆప్షన్స్‌లో రాస్టరైజ్ పెట్టి, ఆల్ట్ టెక్స్ట్‌లో టైటిల్ టైప్ చేస్తే సరిపోతుంది.

ఇంకో మాట. నవలలనీ కథల సంపుటాలనీ కూడా ఫిక్స్‌డ్ లేఅవుట్‌లో పెట్టేవాళ్లున్నారు, ప్రింట్‌లో ఉన్నట్టే ఉండాలని. దయచేసి వద్దు. ఆరున్నర అంగుళాల స్క్రీన్ మీద డెమీ సైజు పేజీ పెడితే ప్రతి లైనుకీ జూమ్ చేసి పక్కకి జరపాలి. బొమ్మకీ మాటకీ విడదీయలేని సంబంధం ఉంటేనే ఫిక్స్‌డ్. అప్పుడు కూడా స్ప్రెడ్స్ డిసేబుల్ చేయండి, లేకపోతే కొన్ని యాప్‌లు రెండు పేజీలు పక్కపక్కన పెట్టి అక్షరాలను చీమల్లా చేస్తాయి.

స్టోర్ల వైపు నుంచి కూడా మనకి పెద్ద సాయం లేదు. 2016లో కిండిల్‌లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు వచ్చినప్పుడు ఆ ఐదు భాషల్లో తెలుగు లేదు. అందుకే “ఫొటో పుస్తకాలు చాలు” అనే అలవాటు మనలో ఇంకా పాతుకుపోయింది. అమ్మేవాళ్లకి సరైన టెక్స్ట్ ఉన్న ఫైళ్లు మనమే ఇవ్వకపోతే తెలుగుకి సపోర్ట్ ఇవ్వమని ఏ మొహంతో అడుగుతాం?

మీ ఇంట్లో, మీ ఊళ్లో ఎవరైనా ఈబుక్ చేయించుకుంటుంటే డబ్బులిచ్చే ముందు మీరు కూర్చుని చూడండి. ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. ఒక మాట సెర్చ్ చేయండి. టాక్‌బ్యాక్ ఆన్ చేసి ఒక పేజీ వినండి. కంప్యూటర్‌లో థోరియం రీడర్, చేతిలో ఒక ఆండ్రాయిడ్ ఫోన్, వీలైతే ఎవరిదైనా ఐఫోన్, మూడింట్లోనూ ఒత్తులు ఎక్కువున్న పేజీ తెరిచి పక్కపక్కన పెట్టి పోల్చండి. యూనికోడ్‌లోకి మార్చిన టెక్స్ట్, ఇన్‌డిజైన్ ఫైల్, వాడిన ఫాంట్లు ఈ మూడూ రచయిత పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవడం మర్చిపోకండి. మావయ్య షాపులో పేజ్‌మేకర్ 7.0 నడిచే పాత కంప్యూటర్ ఒకటే మిగిలింది, దాని హార్డ్ డిస్క్ ఇప్పటికే టకటక శబ్దం చేస్తోంది.