సున్నిపెంట ఆరోగ్యానికి జనాభా లెక్క చాలదు

హైదరాబాదు వైపు నుండి శ్రీశైలం వెళ్ళే యాత్రికులు మన్ననూరు, దోమలపెంటల మీదుగా ఘాటు దిగి, కృష్ణను దాటి, తిరిగి కొండ ఎక్కిన తరువాత ఒక ఊరిని చూస్తారు. అదే సున్నిపెంట. చాలామంది అక్కడ ఒక టీ త్రాగి సాగిపోతారు. క్షేత్రంలోని సత్రాలను శుభ్రపరిచేవారు, హోటళ్ళలో వంట చేసేవారు, ఆటోలు, జీపులు నడిపేవారు, విద్యుత్ కేంద్రంలో పనిచేసేవారు, పూలు, కొబ్బరికాయలు అమ్ముకునేవారు అనేకులు నివసించేది ఈ ఊరిలోనే. మండల కార్యాలయాలూ ఇక్కడే. పటములో ఇది వేరే ఊరే కావచ్చు. నిత్యజీవితంలో మాత్రం శ్రీశైల క్షేత్రానికి శివారు పేట. ఈ శివారు ఆరోగ్యం గురించి కొన్ని మాటలు చెప్పదలచాను.

తాత్కాలికంగా పుట్టి శాశ్వతమైన ఊరు

1963లో జవహర్‌లాల్ నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. రెండు దశాబ్దాల పాటు సాగిన ఆ మహానిర్మాణం కోసం ఇంజనీర్లకు, ఉద్యోగులకు, కూలీలకు కుడిగట్టున కాలనీ వెలసింది. క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, కుళాయిలు, కాలువలు అన్నీ ఒక పద్ధతి ప్రకారం ఏర్పడినవే. కాని అవి పని జరిగినంత కాలానికి ఉద్దేశించినవి. 1980లలో పని ముగిసింది. ఇంజనీర్లు బదిలీ అయ్యారు, గుత్తేదారులు వెళ్ళిపోయారు. రాళ్ళు మోసినవారు, వారి బిడ్డలు మాత్రం ఉండిపోయారు. నేడు అక్కడి యువతరానికి వేరే స్వగ్రామం లేదు.

ఊరి స్థలం నీటిపారుదల శాఖది. చుట్టూ అడవి 1983 నుండి పులుల అభయారణ్యం. అందుచేత సున్నిపెంట కర్నూలు శివార్లలా పొలాలలోకి విస్తరించలేదు. ఉన్న చోటే ఇంటి ప్రక్కన ఇల్లు, ఇంటి ముందు రేకుల పంచ, పంచ ముందు దుకాణం. ఊరు బయటకు పెరగలేనప్పుడు లోలోపల ఇరుకవుతుంది. ఆ ఇరుకులోనే వ్యాధి చోటు వెతుక్కుంటుంది.

ఇంటికి పట్టా లేనివాడు మరుగుదొడ్డి గుంత త్రవ్వించడానికి, మురుగు గొట్టం వేయించడానికి జంకుతాడు. రేపు ఖాళీ చేయమంటే పెట్టిన డబ్బు మట్టిపాలు. కాబట్టి ఇంటిపట్టా రెవెన్యూ వారి వ్యవహారం మాత్రమేనని నేను అనుకోను. విరేచనాలను, టైఫాయిడ్‌ను, కామెర్లను అరికట్టడంలో దానికీ పాత్ర ఉన్నది.

పేర్లు చెప్పే చరిత్ర

నల్లమలలో చెంచుల ఆవాసాన్ని ‘పెంట’ అంటారు. కృష్ణకు ఆవలి గట్టున దోమలపెంట ఉన్నది, ఈగలపెంట ఉన్నది. ఆ రెండు పేర్లు వింటే ఏ వైద్యునికైనా మలేరియా, విరేచనాలు గుర్తుకు రాక మానవు. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులోనే కనుగొన్నారు. ఆ తరువాత డి.డి.టి. వచ్చింది, జాతీయ మలేరియా కార్యక్రమాలు వచ్చాయి, అడవి జ్వరం చాలావరకు తగ్గింది.

ఇప్పటి శత్రువు వేరు. డెంగీని వ్యాపింపజేసే దోమ అడవిది కాదు, ఇంటిది. అది మురుగునీటి కన్నా డ్రమ్ములలో, తొట్లలో, కూలర్లలో, పారవేసిన టైర్లలో, కొబ్బరి చిప్పలలో నిలిచిన మంచినీటిని కోరుతుంది. పగటిపూట కుడుతుంది. గ్రుడ్డు నుండి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ఎండిన తొట్టి గోడకు అంటుకున్న గ్రుడ్లు నెలల తరబడి బ్రతికి, నీరు తగలగానే పొదుగుతాయి. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఏ పేటలోనైనా ప్రతి ఇంటా డ్రమ్ము ఉంటుంది. మూతలేని ప్రతి డ్రమ్ము ఒక దోమల తొట్టి. ఎదురుగా అంతటి జలాశయం ఉన్న ఊరిలో ఇంటింటా నీరు దాచుకోవలసి రావడం విచారకరం. క్రమం తప్పని నీటి సరఫరా దోమల మందు పొగ కన్నా మేలైన డెంగీ నివారణ.

చెత్త సంగతి మరింత ప్రత్యేకమైనది. మైదానపు ఊళ్ళలో చెత్త కుప్ప కుక్కలను, పందులను రప్పిస్తుంది. అడవి ఊరిలో ఆ కుక్కల కోసం చిరుతపులి వస్తుంది, తినుబండారాల కోసం ఎలుగుబంటి వస్తుంది. ఎలుకలకై పాము ఎలాగూ వస్తుంది. యాత్రికుడు విసిరివేసిన ప్రసాదపు పొట్లం ఎక్కడికి దారి తీస్తుందో అతనికి తెలియదు.

అసలు కొలత గంటలే

ఒక ప్రాంతానికి ఎంత ఆసుపత్రి కావాలో మన దేశంలో జనాభాను బట్టి నిర్ణయిస్తారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మైదానంలో 30,000, కొండ, గిరిజన ప్రాంతాలలో 20,000. నిపుణులుండే సామాజిక ఆరోగ్య కేంద్రానికి మైదానంలో 1,20,000, కొండలలో 80,000. సున్నిపెంట, శ్రీశైలం, చుట్టుపట్ల చెంచు గూడేలు అన్నీ కలిపినా ఆ చివరి సంఖ్యకు చేరవు. కాని మహాశివరాత్రికి, ఉగాదికి, కార్తీక మాసంలో లక్షలాది జనం ఆ దారిలోనే వస్తారు. ఉగాదికి కన్నడ భక్తులు వందల కిలోమీటర్లు కాలినడకన వస్తారు. బొబ్బలెక్కిన కాళ్ళు, వడదెబ్బ, అదుపు తప్పిన మధుమేహం వారితోనే వస్తాయి. ఆనకట్ట గేట్లు ఎత్తినప్పుడు చూడవచ్చే కార్ల వరుస సరేసరి. వీరెవరూ జనాభా లెక్కలో ఉండరు.

దూరం చూడండి. దోర్నాలకు ఘాటు దారిలో సుమారు 50 కిలోమీటర్లు, మార్కాపురానికి అక్కడి నుండి మరో 30. కర్నూలు పెద్దాసుపత్రి దాదాపు 180 కిలోమీటర్లు. వన్యప్రాణుల రక్షణకై రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు అడవి దారిలో రాకపోకలు ఆపుతారు. ఆ నియమం సమంజసమైనదే. అత్యవసర వాహనాన్ని వదిలినా, చీకటిలో మలుపులు మలుపులే.

శరీరం ఈ దూరాలను లెక్కచేయదు. ప్రసవానంతరం తీవ్ర రక్తస్రావమైన తల్లికి ఉన్న వ్యవధి రెండు గంటల పాటిది. గుండెపోటులో గడ్డను కరిగించే సూదిమందు మొదటి గంటల్లో పడితేనే పూర్తి ఫలితం. పక్షవాతానికి ఆ గడువు నాలుగున్నర గంటలు. రక్తపింజరి కరిస్తే రక్తం గడ్డకట్టే గుణాన్ని కోల్పోతుంది. దానిని కనుగొనడానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. శుభ్రమైన గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తే చాలు. విషహారి మందు, దానిని ధైర్యంగా ఇచ్చే వైద్యుడు ఊరిలోనే ఉండాలి.

కనుక నా అభిప్రాయం ఇది: అడవి మధ్య ఊళ్ళకు ఆసుపత్రి స్థాయిని తలల లెక్కతో కాక, తరువాతి పెద్దాసుపత్రికి పట్టే గంటల లెక్కతో నిర్ణయించాలి. సున్నిపెంటలో ప్రభుత్వ వైద్యశాల ఉన్నది. అందులో రేయింబవళ్ళు ప్రసూతి, మత్తు, పిల్లల నిపుణులు, రక్తనిల్వ సదుపాయం, గుండెపోటు సూదిమందు, విషహారి ఉండేలా పోస్టులు మంజూరు చేసి నింపాలి. అక్కడ పనిచేసే వైద్యునికి నివాసం, పిల్లల చదువు, కొంత అదనపు భత్యం ఇవ్వాలి. అవి లేనిదే ఉత్తర్వులు కాగితం మీదే ఉంటాయి.

పులుల అడవిలో ఊరికి సౌకర్యాలు పెంచితే ఊరు ఇంకా పెరుగుతుందని కొందరు ఆక్షేపిస్తారు. ఆ భయం నిరాధారం కాదు. కొత్త లేఅవుట్లు, కొత్త లాడ్జీలు వద్దని నేనూ అంటాను. కాని మూత పెట్టిన మురుగు కాలువ, రోజూ ఎత్తే చెత్త, తెరచి ఉంచిన ప్రసవ గది ఊరిని పెంచవు. అవి ఉన్నవారిని బ్రతికిస్తాయి, అడవిని కూడా శుభ్రంగా ఉంచుతాయి.

మరువబడినవారు

ఆనకట్టలకు, సొరంగాలకు రాళ్ళు తొలిచి పేల్చిన కూలీలు ఏళ్ళ తరబడి రాతిపొడి పీలుస్తారు. ఆ పొడి వల్ల వచ్చే సిలికోసిస్ చాలామందిలో పది ఇరవై ఏళ్ళ తరువాత బయటపడుతుంది, నయం కాదు. వీరికి క్షయ సోకే అవకాశం ఇతరులకన్నా ఎక్కువ. అటువంటి పని చేసినవారు నేడు వృద్ధులు. ఆయాసాన్ని ‘వయసు’ అని, దగ్గును ‘బీడీ’ అని సరిపెట్టుకుంటారు. ఇంటింటికీ తిరిగి వీరికి ఛాతీ ఎక్స్‌రే, కళ్ళె పరీక్ష చేయించడం మనం తీర్చవలసిన బాకీ. వారు కట్టిన ఆనకట్ట నీటిని, విద్యుత్తును మనమందరం వాడుకుంటున్నాము.

మనం చేయగలిగినవి

నివాసులు వారానికొక రోజు డ్రమ్ములు, తొట్లు ఖాళీ చేసి, గోడలను పీచుతో తోమి ఆరబెట్టాలి. ఎలుక తిరిగే చోట పాము తిరుగుతుంది కనుక ధాన్యం, చెత్త ఇంట్లో ఆరుబయలుగా ఉంచరాదు. రాత్రి టార్చి లేకుండా బయటికి వెళ్ళరాదు. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టు బిగించడం మాని, కరచిన అవయవాన్ని కదపకుండా ఆసుపత్రికి తీసుకురావాలి. నెలలు నిండిన గర్భిణిని ముందుగానే పెద్దాసుపత్రి ఉన్న ఊరిలోని బంధువుల ఇంటికి చేర్చడం వివేకం.

యాత్రికులు రక్తపోటు, చక్కెర, గుండె జబ్బుల మాత్రలు రెండు రోజులకు అదనంగా వెంట ఉంచుకోవాలి. తెచ్చిన ప్లాస్టిక్‌ను అడవిలో పారవేయక తిరిగి తీసుకువెళ్ళాలి. ఈసారి సున్నిపెంటలో టీ త్రాగడానికి ఆగినప్పుడు, ఆ దుకాణదారునికి రాత్రివేళ ఛాతీ నొప్పి వస్తే ఎక్కడికి వెళ్ళాలో ఒక్కమారు ఆలోచించండి.