ఇంటి కరెంటు ఛార్జీ ఏడాదికి ఒకసారే తేల్చాలి



బొగ్గు ఎప్పుడొస్తుందో, ఏ ధరకొస్తుందో తెలియని రోజుల్లో ఇంటి కరెంటు ఛార్జీని ఖాయం చేస్తే డిస్కంలు మునిగిపోతాయని పాలకులు అంటున్నారు. అలాంటి రోజుల్లోనే అది ఖాయంగా ఉండాలని మేము అంటున్నాం.

మన పంట సంగతి చూడండి. 2025-26కు సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలని కేంద్రం నాట్లకు ముందే తేల్చేసింది. ఆ తర్వాత డీజిలు పెరిగినా, కూలి పెరిగినా, రెండుసార్లు నారు పోసినా దానికి పైసా కలవదు. రైతుకు లేని సర్దుబాటు కరెంటు అమ్మేవాడికి ఎందుకు?

2022 డిసెంబరులో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. ఇంధనం, కొనుగోలు ఖర్చు పెరిగితే నెలనెలా బిల్లులోనే వసూలు చేసుకోవచ్చన్నది. ఆంధ్రప్రదేశ్‌లో యూనిట్‌కు 40 పైసల దాకా ముందు విచారణ లేకుండానే వేసే వీలు కల్పించారు. నెలకు 30 యూనిట్ల లోపు వాడే ఇంటికి యూనిట్ ధర 1.90 రూపాయలు. దాని మీద 40 పైసలంటే నూటికి 21 పెంపు. 400 దాటాక వాడే ఒక్కో యూనిట్‌కు ధర 9.75 రూపాయలు. ఆ ధర మీద అదే 40 పైసలు నూటికి 4. ఒకే పైసలు, గుడిసెకు ఐదింతల భారం!

ఛార్జీలు పెంచలేదని చెప్పుకుని లెక్కను దాచిపెట్టడం కూడా మోసమే. 2014-19 నాటి లెక్క ట్రూ అప్ పేరుతో 2022లో మన నెత్తిన పడింది. 2022-23కు 6,072 కోట్లు, 2023-24కు 9,412 కోట్లు ఎన్నికలు అయ్యాక 2024 చివర్లో బయటికొచ్చాయి. తప్పు నీదంటే నీదని పార్టీలు తిట్టుకున్నాయి. కట్టింది మాత్రం మనం. అద్దె ఇంట్లో పాత మనిషి వాడిన కరెంటుకు కొత్త మనిషి కట్టాడు. కాబట్టి ధర నిలపడం ఒక్కటే చాలదు, తేడా ఎవరు భరిస్తారో కూడా అదే రోజు తేలాలి.

బొగ్గు కొనేది మనం కాదు. ఒప్పందాల మీద సంతకం పెట్టేది మనం కాదు. 2022 వేసవిలో విదేశీ బొగ్గు కలపమని రాష్ట్రాల మీద ఒత్తిడి తెచ్చింది కేంద్రం. నిర్ణయం చేసినవాడే నష్టం మోయాలి. ఖర్చంతా జనం మీదికి దాటిపోతుందని తెలిస్తే, తక్కువకు కొనాలన్న జాగ్రత్త ఎవరికుంటుంది?

మోటారుకు ఉచితం ఇస్తున్నాం కదా అంటారు. ఇంటి మీటరుకు అందరికీ ఉచితం లేదు. మన చేతికి డబ్బు పంట అమ్మినప్పుడే వస్తుంది, బిల్లు నెలనెలా వస్తుంది. అది ఎంతో ముందే తెలియకపోతే కట్టేది అప్పు తెచ్చే.

మా డిమాండ్లు ఇవీ:

1. 200 యూనిట్ల లోపు ఇళ్లకు ఛార్జీ ఏడాదికి ఒకసారి, బహిరంగ విచారణ తర్వాతే తేల్చాలి. మధ్యలో కదపకూడదు.

2. ఏడాది మధ్యలో ఖర్చు పెరిగితే, కమిషన్ పరిశీలించి సబబన్న మేరకు ప్రభుత్వం అదే ఏడాది బడ్జెట్ నుంచి ఇవ్వాలి. సబ్సిడీ ముందుగా చెల్లించాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షను చెబుతూనే ఉంది.

3. ఏ కరెంటు, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నారో నెలనెలా తెలుగులో ప్రకటించాలి.

డిస్కంలు ఏటా నవంబరు నెలాఖరుకు కమిషన్ ముందు ప్రతిపాదనలు పెడతాయి. వాటి మీద ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు. ప్రతి గ్రామ కమిటీ ఇప్పటి నుంచే ఇంటింటి బిల్లులు సేకరించాలి. ఛార్జీ ఎంత, సర్దుబాటు ఎంత అని విడివిడిగా రాసి, సంతకాలతో పంపాలి. విచారణ రోజున ఊరికి ఇద్దరైనా వెళ్లాలి.

2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఛార్జీల పెంపును ఎదిరించినందుకు ముగ్గురు పోలీసు కాల్పుల్లో ప్రాణాలిచ్చారు. ఆనాడు పెంపు కళ్లకు కనిపించింది. ఈనాడు బిల్లులో చిన్న అక్షరాల్లో దాక్కుంది. చదువుదాం, లెక్కగడదాం, నిలదీద్దాం.