ఉప్పునీటి రొయ్యపిల్లలు – ఉమ్మడి డబ్బా

సేద్యమునకు తోడుగా పెరటి తొట్లలో రంగుచేపలను సాకు సభ్యులకు ఒక మాట విన్నవింతుము. చేపచేత గ్రుడ్లు పెట్టించుట కష్టము కాదు. పిల్లలను మొదటి వారము దాటించుటయే కష్టము. వాని నోరు మిక్కిలి చిన్నది. పొడిమేతను అనేకములు ముట్టవు. మిగిలినది క్రుళ్లి నీటిని చెఱచును. కదలాడు మేత లేనిచో వానిలో పెక్కు బ్రతుకవు.

ఇందులకై కొందఱు మురుగుకాలువలలోని యెఱ్ఱపురుగులను తెచ్చెదరు. జల్‌పల్లి చెరువువంటి పట్టణపుటంచు చెరువులలో మురుగు చేరుచున్న యీ దినములలో, అది మేతతోపాటు తెగులును తెచ్చుకొనుటయే. విశాఖ, నెల్లూరు తీరములందు రొయ్యసీడు తీయువారు వాడు ఆర్టీమియాను ఇంటనే పొదిగించుకొనుట మేలని మా యభిప్రాయము.

పని సులభము. పారదర్శకమైన సీసా అడుగు కోసి తలక్రిందుగా నిలిపి, మూతకు సన్నగొట్టము అమర్చవలయును. ఒకరాత్రి నిలువయుంచిన లీటరు నీటిలో 25 మొదలు 30 గ్రాముల ఉప్పు, చిటికెడు వంటసోడా కలిపి, గ్రాము గ్రుడ్లు వేసి, ఎడతెగక గాలి కొట్టుచు దీపము వెలిగించి యుంచవలయును. 28 డిగ్రీల వెచ్చదనమున ఇంచుమించు 24 గంటలలో పిల్లలు వెడలును, చలికాలమున ఆలస్యమగును. పిమ్మట గాలి నాపి పది నిమిషములుంచినచో డొల్లలు పైకి తేలును. క్రిందివైపు దీపము చూపగా పిల్లలు అచ్చటికి చేరును. వానిని సన్నని గుడ్డలో వడగట్టి, మంచినీట కడిగి, వెంటనే మేపవలయును. ఆలసించినకొలది వాని బలము తగ్గును. డొల్లలు మేతలో కలియరాదు. ఉప్పునీటిని మడిలోగాని బావిచెంతగాని పోయకుడు.

ఇక ఖర్చు సంగతి. గ్రుడ్ల డబ్బా వెల హెచ్చు. ఒకసారి తెఱచినచో చెమ్మ తగిలి గ్రుడ్లు చెడును. ఒక్క కుటుంబము డబ్బాను ముగించులోపల సగము వ్యర్థమగును. కావున పదిమంది కలిసి సంఘము ద్వారా ఒక డబ్బా కొని, తెఱచిన దినముననే పొడిసీసాలలో పంచుకొని, బిరడా బిగించి చల్లని చోట దాచుకొనవలయును. పంచుటకు ముందు చిటికెడు పొదిగించి చూడుడు. మొలక చూడని విత్తనమును మనము చల్లుదుమా? ఇదియు నట్టిదే.

విడిగా కొన్నవానికి నష్టమైన వస్తువు కలిసి కొన్నవారికి లాభమగును. సంఘము పుట్టినది ఇందులకే గదా!