ఇంటిలోని వెట్టి, ఊరిలోని యుద్ధము



దాస్యమన్న మాట వినగానే మనకు సముద్రమున కావలి దేశములు తోచును. ఆఫ్రికా ప్రజలను పట్టి తెచ్చి అమెరికా పత్తి తోటలలో పని చేయించుటయు, ఆ దాస్యము నుంచవలెనా మాన్పవలెనా యని ఉత్తర, దక్షిణ రాష్ట్రములు తగవులాడి 1861లో అంతర్యుద్ధమునకు దిగుటయు మనలో పెక్కురు చదివినదే. ఇట్టి వివాదమే మన తెలంగాణమునందును పెరిగి పెరిగి తుపాకుల వరకు పోయెను. ఈ మాసము ఆ సంగతి ముచ్చటించుకొందము.

నిజాము ఏలుబడిలో దొరలకు, దేశముఖులకు, అధికారులకు కూలి లేకుండ చేయు పనికి వెట్టి యని పేరు. చాకలి బట్ట లుతుకవలెను; కుమ్మరి కుండలీయవలెను; మాదిగ చెప్పులు కుట్టవలెను; గొల్ల గొఱ్ఱెను తోలి యీయవలెను. అప్పు తీరక తరతరములు కట్టుబడిన జీతగానిని భగేలా యనిరి. అన్నిటికంటె మన మనస్సును కలచునది ఆడబాప యను ఆచారము. దొరవారి కుమార్తె అత్తవారింటికి పోవునపుడు సారెతోబాటు ఒక పేద బాలికను గూడ పంపుచుండిరి. ఆ బాలికకు పెండ్లి లేదు, జీతము లేదు. ఆ యింటి మగవారిని కాదను హక్కును లేదు. అప్పగింతల వేళ వధువును జూచి కంట తడి పెట్టిన అమ్మలక్కలలో, వెనుక మూట మోయుచు నడచిన పిల్లను జూచి యేడ్చిన వారెందరు?

ఈ యన్యాయమును మాన్పుటకు మొదట మాటతోనే యత్నము జరిగెను. మన నారాయణగూడలోని బాలికోన్నత పాఠశాల 1928లో పుట్టి, నేడు మాడపాటి హనుమంతరావుగారి పేర వెలయుచున్నది. ఆయనయు, మిత్రులును 1921లో స్థాపించిన ఆంధ్ర జన సంఘము వెట్టిని ఖండించి, సర్కారునకు విన్నపములు చేసెను. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ కూడినపుడు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన స్త్రీల సభయు జరిగెను. 1936లో భగేలా ఒడంబడికలను గూర్చి ఒక శాసనమును వచ్చెను. కాని కాగితము గడీ వాకిలి దాటలేదు. ఏల? దానిని అమలు జరుపవలసిన అధికారులును, గ్రామ పెద్దలును వెట్టి వలన సుఖపడువారే గదా!

అమెరికాలోను ఇట్లే జరిగెను. 1820లో ఒక రాజీ, 1850లో మరియొక రాజీ, చిక్కు తీరలేదు. పారిపోయిన దాసులను పట్టి యజమానుల కప్పగింపవలెనను 1850 నాటి చట్టము, దాసులు లేని యిండ్ల వారికిని ఆ పాపమున పాలు పంచెను. దానిని సహింపలేక హారియట్ బీచర్ స్టో యను గృహిణి వ్రాసిన నవల 1852లో గ్రంథముగ వెలువడి లోకమును కదిలించెను.

ఇక్కడ 1944లో భువనగిరి సభ నాటికి ఆంధ్ర మహాసభ చీలి, రావి నారాయణరెడ్డిగారి పక్షమున పల్లె ప్రజలు సంఘముగ నిలిచిరి. పాలకుర్తి చాకలి ఐలమ్మ తన చేని పంటను విసునూరు దేశముఖునకు విడువక నిలిచెను. 1946 జులై 4న కడివెండిలో దొర మనుష్యుల కాల్పులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. అటుపిమ్మట గ్రామములు కఱ్ఱ పట్టెను, తుపాకియు పట్టెను. రజాకార్ల దురాగతములు, 1948 సెప్టెంబరున భారత సైన్యపు రాక, ఆపైన సైన్యముతోనే పోరు. 1951 అక్టోబరున గాని పోరాటము విరమింపబడలేదు. విన్నపము వినియున్న యెడల ఎన్ని యిండ్ల దీపములు నిలిచియుండెడివో!

ఇందు మరువరాని దొకటి కలదు. భూస్వామి యింట పుట్టిన మల్లు స్వరాజ్యముగారు బాల్యముననే, ఇంటి పెద్దలు వలదన్నను, వెట్టివారికి తమ బియ్యము పంచిరి. పిదప దళమునకే నాయకురాలైరి. ఇంటి లోపలి యన్యాయమును ఇంటి ఆడుపడుచే ముందు చూడగలదని దీనివలన తెలియుచున్నది.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించెను. 1976లో వెట్టి నిర్మూలన చట్టము వచ్చెను. 2006 అక్టోబరు నుండి పదునాలుగేండ్లు నిండని పిల్లను ఇంటిపనికి పెట్టుట నేరము. అయినను చట్టము మన గడపలోనికి తనంత తాను నడచి రాదు. చిక్కడపల్లి సందులలో, అశోక్‌నగరు మేడలలో ప్రొద్దున్నే అంట్లు తోమ వచ్చునామె కూలి మొదటి తేదీననే చెల్లుచున్నదా? వారమున కొకనాడు ఆమెకు విశ్రాంతి కలదా? జ్వరము వచ్చిన దినమునకు కోత పెట్టుచున్నామా? అప్పిచ్చి, ఆ పేర జీతము పట్టుకొనుచున్నామా? పల్లెనుండి చదువు మాన్పించి తెచ్చిన చిన్నది మన వంటింట నున్నదా?

ఈ ప్రశ్నలకు ఉత్తరములు ఈ వారముననే ఎవరి యింట వారు సరిచూచుకొందురు గాక.